పళ్ళావిడ, ఎదురుగాలి

ఆవిడ గెలిచిన పోట్లాటలు నేను చాలా చూశాను గానీ, గొంతు పిసరంత కూడా పెంచకుండా గెలిచింది మాత్రం వాళ్ళ బావగారితోనే.

అప్పటికి ఆవిడ మొగుడు పోయి ఎన్నాళ్ళో కాలేదు. పలకరింపులకు వచ్చినవాళ్ళు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. అంతలో మొగుడి అన్న కారులో దిగాడు, చేతిలో పానాతో. తమ్ముడి సైకిలు తన ఇంట్లో ఉండాలట. తమ్ముడు బతికుండగా ఆ సైకిలు మాట ఎత్తితే మొహం ముడుచుకునే మనిషి ఈయన. ఇప్పుడు మాత్రం అది తమ్ముడి గుర్తయిపోయింది. పై అంతస్తు నుంచి భుజాన వేసుకుని దింపి, నా కిటికీ ఎదురుగా గోడకు ఆనించాడు. నేను కింది వాటాలో కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని కూర్చుంటాను. ఈ మెట్లు ఎక్కేదీ దిగేదీ నా కంటికి సుంకం కట్టకుండా పోదు.

అది పాలవాడు తొక్కే సైకిలు కాదు. పందెం సైకిలు. పొట్టేలు కొమ్ముల్లాంటి హ్యాండిలు, వేలెడు లావు టైర్లు, ఎత్తి చూస్తే గాలి నింపిన దిండంత బరువు. కారులో పట్టలేదు. ముందు చక్రం ఊడదీశాడు. అయినా పెడళ్ళు సీటుకి తగులుతున్నాయి. వాటినీ విప్పుదామని కూర్చున్నాడు. కుడి పెడల్ వచ్చేసింది. ఎడమ దానికి పానా పెట్టాడు.

సైకిలుకి ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది. కుడిదాన్ని ఎటు తిప్పి విప్పామో దాన్ని అందుకు ఎదురు తిప్పాలి. లేకపోతే తొక్కగా తొక్కగా దానంతటదే ఊడిపోతుందట. ఈ సంగతి ఆయనకి తెలియదు. ఆయన తిప్పిన ప్రతిసారీ అది ఇంకాస్త బిగుసుకుంటోంది. ఆవిడ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి చూస్తోంది.

"అలా చూస్తావేంటమ్మా," అన్నాడు. "తొక్కేవాడే పోయాక నీకు దీంతో ఏం పని?"

"పెడల్ విప్పగలిగితే తీసుకెళ్ళండి బావగారూ. విప్పలేకపోతే ఇక్కడే ఉంచండి."

అదేం భాగ్యం అన్నాడు ఆయన. ఆ తర్వాత పానా మీద చేతులు రెండూ వేశాడు. తర్వాత కాలు వేశాడు. ఆఖరికి దాని మీదెక్కి నిలబడ్డాడు. పానా జారి వేళ్ళ కణుపులు గీసుకున్నాయి. ఆవిడ లోపలికెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, ఎంతో మర్యాదగా, "ఇంకాస్త తిప్పండి బావగారూ, వస్తుందేమో," అంది. నాకు నవ్వు ఆగక నోట్లో దారం పెట్టి కొరికాను. మనిషి చెమటలు కక్కి, చక్రం, కుడి పెడలూ మళ్ళీ తగిలించి, వచ్చిన కారులోనే వెళ్ళిపోయాడు.

ఒక్క మాట చెప్తే పోయేదిగా అన్నాను ఆవిడతో, ఊరికే కదిలిద్దామని.

"ఆయన అడగలేదుగా పిన్నీ," అంది.

ఆ పెడల్ బిగువు సంగతి గుర్తుంచుకోండి. మళ్ళీ వస్తుంది.

ఆవిడకి పేరు లేక కాదు. ఇక్కడందరికీ పళ్ళావిడ. దంతాల ల్యాబులో పని. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే, అందులో ప్లాస్టరు పోసి, మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కొక్క పన్నునీ వరసలో నిలబెట్టి సెట్టు తయారు చేస్తుంది. ఎవరి నోరో తెలియదు, మనిషిని చూడదు. ఆ నోరు ఏం తింటుందో, ఎవరిని తిడుతుందో తెలియకుండానే దానికి పళ్ళు పెట్టి పంపించేస్తుంది. నా నోట్లో ఉన్నవీ ఆవిడ చేసినవే. నన్ను మాత్రం ఎదురుగా కూర్చోబెట్టుకుని, నోట్లో వేలు పెట్టి చూసి చూసి, "పళ్ళు పెట్టడం తేలికే పిన్నీ, నీ నాలిక్కి చోటు వదలడమే కష్టం," అంది. వదలకపోతే నీ ల్యాబు ముందుకొచ్చి కూర్చుంటానన్నాను. వదిలింది. ఇన్నేళ్ళయినా ఒక్క మాట కూడా తడబడలేదు నాకు, అది ఆవిడ పుణ్యమే. నచ్చనివాళ్ళు అది ఆవిడ పాపం అంటారు.

మొగుడికి నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగం. పొడుగాటి కాళ్ళు, పొట్టి మాటలు. ఇద్దరికీ పిల్లల్లేరు. ఆదివారం తెల్లవారితే చాలు, రెండు సైకిళ్ళు మెట్లు దిగేవి. ఊరి బయట కాలువ గట్టు మీద తిన్నటి రోడ్డు ఒకటుంది. వెళ్ళేటప్పుడు ఎప్పుడూ ఎదురుగాలే. ఆయన ముందు, ఈవిడ వెనక. ముందున్న మనిషి గాలిని చీల్చుకుంటూ పోతాడు. వెనకాల చక్రానికి చక్రం జానెడు దూరంలో అంటిపెట్టుకుని వచ్చే మనిషికి ఆ గాలి తగలదు. సగం కష్టంతో వచ్చేయొచ్చు. రోడ్డు మీద గొయ్యి ఉంటే ముందున్నాయన వెనక్కి తిరగడు, అరవడు. చెయ్యి కిందకి చాపి వేలితో చూపిస్తాడు. వెనకున్నావిడ తప్పుకుంటుంది. వాళ్ళ కాపురం కూడా నాకు అలాగే కనిపించేది. ఆయన ఏనాడూ వెనక్కి తిరిగి వస్తున్నావా అని అడగలేదు. ఈవిడ ఏనాడూ వస్తున్నానని చెప్పలేదు.

ఆయనకి ఉన్న కోరికల్లా ఒకటే. సైకిలుకి కొత్త క్రాంక్‌సెట్ వేయించాలి. పెడళ్ళు తగిలించే కాడలు రెండూ, వాటి నడుమ చైను తిరిగే పళ్ళ చక్రాలూ కలిపితే అది క్రాంక్‌సెట్. మనిషి కాళ్ళలోని బలమంతా సైకిలులోకి దిగేది ఆ కాడల్లోంచే. అందులో ఘనమైనవి రెండు రకాలు ఆయన కంట్లో పడ్డాయి. ఒకటి కార్బన్‌ది. కాకి రెక్కలా నల్లగా, అరచేతిలో పెడితే ఉందో లేదో తెలియనంత తేలిక. రెండోది అల్యూమినియంది. వెండిలా మెరుస్తూ, లోపల గుల్లగా, చేత్తో పట్టుకుంటే చల్లగా. ఖరీదు సంగతి నన్నడక్కండి. నా మిషను, నేనూ కలిపి అమ్ముడుపోయినా ఒక కాడ రాదు.

ఏది వేయించాలన్నదే ఆయనకి తెగలేదు. ఒక వారం నల్లదంటాడు. బరువు తక్కువ, ఎత్తు ఎక్కేటప్పుడు హాయి. ఇంకో వారం వెండిదంటాడు. గీసుకున్నా పడినా భయం లేదు, ముసలితనం దాకా వస్తుంది. పొద్దున టీ తాగుతూ "ఇదా, అదా?" రాత్రి పక్క దులుపుతూ "ఇదా, అదా?" ఏడాది ఇదే పాట. నన్నూ వదల్లేదు. ఫోను నా కిటికీలోంచి లోపలికి పెట్టి అడిగాడొకసారి. ఏది తొక్కినా తిరిగి ఇంటికేగా వస్తావు నాయనా అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఆవిడ వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. ఆయన కుర్చీలో కూర్చుని, "ఏమోయ్, ఇదా, అదా?" అన్నాడు.

"ఈ జన్మలో తేలే యవ్వారం కాదులెండి మీది," అంది ఈవిడ, నీళ్ళ చప్పుడులోంచే.

ఆయన నవ్వాడట. నవ్వు వినిపించిందని ఆవిడ ఇప్పటికీ చెప్తుంది. చేతులు తుడుచుకుని వచ్చేసరికి మనిషి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఫోను ఒళ్ళో ఇంకా వెలుగుతూనే ఉంది. అందులో నల్లదీ వెండిదీ పక్కపక్కన.

ఎవరైనా అనే మాటే అది. నేను రోజుకి పదిసార్లు అంటాను. కాజాకి తగ్గ బొత్తాం దొరక్కపోయినా అంటాను. కానీ ఆవిడ నోట్లోంచి అది వచ్చిన వేళ అలాంటిది. ఆ తర్వాత ఆవిడ ఆ మాట పలకగా నేను వినలేదు. అంతకంటే చిత్రం, ఏదైనా రెండింటిలో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే పక్కకి తప్పుకునేది. లైనింగు గుడ్డ ఏ రంగుదమ్మా అంటే, "నువ్వే చూడు పిన్నీ," అనేది. ఏది ముట్టుకుంటే ఏమవుతుందో అన్నట్టు.

తన సైకిలుని వెనక వసారాలో కొక్కేనికి తగిలించేసింది. ఎందుకే అంటే, "అది వెనక తొక్కే సైకిలు పిన్నీ. ముందు మనిషి లేకపోతే దాంతో ఏం చేసుకోను?" అంది. ఆయన సైకిలు తీసింది. సీటు దించింది. హ్యాండిలు దగ్గరకి లాగించింది. ఎంత లాగినా మారనిది ఒకటుంది: క్రాంకు కాడ పొడవు. అది ఫ్యాక్టరీలో పుట్టినప్పుడు ఎంతో అంతే. ఆయన కాళ్ళు పొడుగు, కాడలూ పొడుగు. పెడల్ మీద ఆయన పాదం ఎంత సున్నా చుట్టేదో ఈవిడ పాదమూ అంత సున్నా చుట్టాల్సిందే. ఈవిడ ఎత్తంతా నడుము పైన, కాళ్ళు కురచ. పెడల్ పైకి వచ్చినప్పుడల్లా మోకాలు వెళ్ళి పొట్టని పొడుస్తుంది.

ఒకసారి ప్యాంటు అంచులు మడిపించుకోవడానికి వచ్చింది. టేపు పెట్టి చూద్దును కదా, కుడి మోకాలు ఎడమదాని కంటే లావు. నొక్కితే గుంట పడుతోంది. కుట్టేవాళ్ళకి డాక్టర్ల కంటే ముందు తెలుస్తాయి ఇలాంటివి. ఏం చేస్తున్నావే కాళ్ళని అని తిట్టాను. తిట్లు పూర్తయ్యేదాకా ఓపిగ్గా ఉండి, కింద నేల మీద కూర్చుని, గుడ్డ ముక్కలు ఏరుతూ చెప్పింది.

కాలువ గట్టు మీద పంపు హౌసు దాటాక, ఒకచోట గాలి ఆగిపోతోందట. రోడ్డంతా మొహం మీద కొట్టే గాలి అక్కడ హఠాత్తుగా ఉండదు. పక్కన గాలి ఉంది, గట్టు కింద రెల్లు ఊగుతూనే ఉంది, కానీ ఆవిడ మొహానికి తగలదు. ముందెవరో ఉన్నట్టు. మళ్ళీ వంతెన దగ్గర వచ్చి కొడుతుంది.

పంపు హౌసు గోడ అడ్డం వస్తుందేమో అన్నాను.

"అది ఎడం పక్క పిన్నీ. గాలి ఎదురుగా."

ఇంకా చెప్పింది. ఆయన పద్ధతిలో నింపాదిగా, పెద్ద పెద్ద సున్నాలు చుడుతూ తొక్కితేనే అది దొరుకుతుందట. తొందరపడితే పోతుంది. ఒకసారి అలా వెళ్తూ ఎందుకో తెలియకుండానే కుడికి జరిగింది. జరిగాక చూస్తే పక్కనే గొయ్యి. నీళ్ళు నిండి కనబడకుండా ఉంది. ఎవరు చూపించారు మరి అని నన్నడగలేదు. నేనూ అనలేదు.

అయినా నేను ఒకరు చెప్తే తలూపే రకం కాదు. అస్తరు గుడ్డలోంచి జానెడు పేలిక చించి ఇచ్చాను. హ్యాండిలుకి కట్టుకుని పో, గాలి ఉంటే రెపరెపలాడుతుంది, లేకపోతే వేలాడుతుంది, నీ మొహం అబద్ధం చెప్తుందేమో గానీ గుడ్డ చెప్పదు అన్నాను. ఆ ఆదివారం తిరిగొచ్చి పేలిక నా మిషను మీద పెట్టింది.

"వేలాడింది," అంది. అంతే. మెట్లెక్కి పైకి పోయింది, రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టూ.

పిల్లికి ఎలుక సాక్ష్యం అనుకుని ఊరుకున్నాను. ఊరుకోవలసిందే. కానీ ఇంకొకటి ఉంది, ఆవిడకి చెప్పలేదు. ఆయన సైకిలు వెనక చక్రం తొక్కకుండా దొర్లినప్పుడు ఫ్రీవీలు టికటికమంటుంది. మిడత పాడినట్టు. ఆయన మెట్ల మీంచి సైకిలు దింపుతుంటే ఆ చప్పుడే నాకు ఆదివారం గంట. ఒక మధ్యాహ్నం, ఆవిడ ల్యాబుకి వెళ్ళి ఉంది, పైవాటాకి తాళం వేసి ఉంది, మిషను ఆపి సూదికి దారం ఎక్కిస్తుంటే పైనుంచి ఆ టికటిక వినిపించింది. మెల్లగా మొదలై, కాసేపు తిరిగి, మెల్లగా ఆగింది. చక్రాన్ని ఎవరో వేలితో తిప్పి వదిలినట్టు. కిటికీలోంచి పావురం దూరి రెక్క తగిలించి ఉంటుంది. పావురాలకి ఈ ఇల్లు పుట్టిల్లు. అలా అనుకునే దారం ఎక్కించాను. మూడుసార్లు తప్పింది.

మోకాలు ఆదివారానికి ఆదివారం పాడవుతూ వచ్చింది. డాక్టరు ఇక సైకిలు దిగమన్నాడు. సైకిలు షాపాయన మాత్రం వేరే మాట చెప్పాడట, అందుకని నన్ను తోడు రమ్మంది. ఒంటరిగా వెళ్ళలేక కాదు. అక్కడ నోరు పెగలకపోతే మాట్లాడే మనిషి కావాలని. నాకేం పని అంటూనే చెప్పులు వేసుకున్నాను.

షాపు నిండా సైకిళ్ళు పైనుంచి వేలాడుతున్నాయి, చేపల దుకాణంలో చేపల్లా. షాపాయన మనిషి మంచివాడే. చేతులు నల్లగా, మాట తెల్లగా. నల్ల రబ్బరు పరుపు మీద రెండు క్రాంకులు తెచ్చి పెట్టాడు. అవే. సారు ఏడాది పొడుగునా ఇక్కడే నిలబడి వీటినే చూసేవారండీ, చేత్తో పట్టుకుని బరువు చూసి మళ్ళీ పెట్టేసేవారు అన్నాడు. ఆవిడ వాటిని ముట్టుకోలేదు. ఆయన పట్టుకున్న చోటేదో వెతుకుతున్నట్టు చూస్తోంది.

షాపాయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. మోకాలు చెడింది సైకిలు వల్ల కాదు, కాడ పొడవు వల్ల. ఇవి రెండూ పొట్టి కాడల్లో కూడా దొరుకుతాయి. పొట్టివి వేస్తే పాదం చిన్న సున్నా చుడుతుంది, మోకాలు అంత పైకి లేవదు, కాళ్ళు చురుగ్గా తిరుగుతాయి, ఇంకో ఇరవయ్యేళ్ళు తొక్కొచ్చు. పాత పొడవే కావాలంటే అదీ వేస్తాను, నాదేం పోయింది, కానీ వచ్చే చలికాలానికి సైకిలు మీరు గోడకి తగిలించుకోవలసిందే అన్నాడు. అలా చెప్పి, ఆయన తప్పేం లేదు పాపం, రెండు చేతులూ రెండు క్రాంకుల మీద ఉంచి, "చెప్పండమ్మా, ఇదా, అదా?" అన్నాడు.

ఆవిడ నీళ్ళు తాగొస్తానని నన్ను పట్టుకుని బయటికొచ్చింది. అరుగు మీద కూర్చుంది. రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. అక్కడ చెప్పింది అసలు సంగతి.

"పొడుగువి వేయిస్తే తొక్కలేను పిన్నీ. తొక్కకపోతే అక్కడికి పోలేను. పొట్టివి వేయిస్తే పోతాను, కానీ ఆయన లెక్కన తొక్కలేను. అక్కడ గాలి ఆగుతుందో లేదో."

ఇందులో ఆలోచించడానికేముంది, కాళ్ళు లేని పెళ్ళాన్ని చూసి ఆయన సంతోషిస్తాడా అన్నాను.

"అది కాదు. ఆయన అడిగి వెళ్ళాడు. నేను తేలదన్నాను. తేలలేదు కాబట్టే ఉన్నాడేమో. ఇప్పుడు నేను లోపలికెళ్ళి ఇదీ అని వేలు పెడితే, ఆయనకి ఇంకా ఇక్కడ ఏం పని?"

జీవితంలో నాకు నోరు పడిపోయిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అదొకటి. ఆవిడ చేసిపెట్టిన పళ్ళు నోట్లో ఉన్నాయి, ఆవిడ వదిలిపెట్టిన చోటులో నాలిక ఉంది, అయినా అది కదల్లేదు. నోరు పెగలని మనిషికి తోడొచ్చిన మనిషిని నేను. చివరికి వీపు మీద చెయ్యి వేసి, తేల్చనివాళ్ళ దగ్గర ఎవరైనా ఎన్నాళ్ళు నిలబడతారే, వాళ్ళకి మాత్రం కాళ్ళు పీకవా అన్నాను. సరైన మాటో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడ లేచింది.

లోపల రెండింటినీ చేతిలోకి తీసుకుంది. గోటితో తట్టి విన్నది. నల్లది ఎండిన సొరకాయలా పలికింది. వెండిది చిన్న గంటలా.

ల్యాబులో ఆవిడ రోజూ చేసేది ఈ రెండింటి పనే. ఒకపక్క లోహం, ఒకపక్క రెజిను, గట్టిపడే జిగురు; నల్లది అచ్చయ్యేదీ అలాంటి దాంతోనేనట. "లోహం వంగుతుంది," అంది. "వంగేముందు చెప్తుంది. ఈ నల్లది చెప్పదు, ఉన్నట్టుండి పోతుంది."

ఇప్పటి కార్బన్ అలా పోదండీ, చాలా గట్టి సరుకు అన్నాడు షాపాయన, నిజమే చెప్తూ.

"పోదనే అందరూ అంటారు," అంది ఆవిడ. "చెప్పకుండా పోయేది ఇంకోటి నాకొద్దు. ఈ వెండిదివ్వండి. పొట్టిది."

ఏడాది తేలనిది ఒక్క మాటలో తేలిపోయింది. షాపులో ఏమీ జరగలేదు. వేలాడుతున్న సైకిళ్ళలో ఒకదాని చక్రం తిరుగుతోంది, ఫ్యాను గాలికి. ఆవిడా దాన్నే చూస్తోందని నాకు తర్వాత తట్టింది.

పాత క్రాంకు విప్పేటప్పుడు ఆ ఎడమ పెడల్ ఇక రానన్నది. షాపాయన పానాకి గొట్టం తగిలించి లాగాడు. నూనె పోశాడు. వేడి చేశాడు. నుదురు తుడుచుకుని, దీన్నెవరండీ ఇంత బిగించింది, రాక్షసుడా అన్నాడు. ఆవిడ నా వైపు చూసింది, నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ మొగుడు పోయాక ఇద్దరం కలిసి నవ్వింది అదే మొదలు. "మా బావగారండీ, చాలా బలవంతులు," అంది ఆవిడ, మళ్ళీ అదే మర్యాదతో. కాడ, పెడల్ విడదీయలేక రెండూ కలిపే కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఆ కాడ బయటి వైపు బూటు రాసుకుని రాసుకుని నలుపంతా పోయి, ఒకచోట మెరుస్తోంది. ఆయన మడమ. దారంతా ఆవిడ బొటనవేలు ఆ మెరుపు మీదే ఉంది. ఇంటికొచ్చాక దానికో సంచీ కుట్టిచ్చాను. బొత్తాం ఏ రంగుది పెట్టమంటావే అంటే, తెల్లది అంది. వెంటనే చెప్పింది.

ఆ వారమంతా కొత్త కాడలతో వీధిలోనే తిరిగింది. మోకాలు నొప్పి లేదట. కాళ్ళు కుట్టుమిషనులా గిరగిరా తిరుగుతున్నాయి. కిటికీలోంచి చూస్తే నాకే వేరే మనిషనిపించింది. కానీ గట్టు వైపు పోలేదు. అడిగితే ఆదివారం అంది. పైవాటాలోంచి నాకు ఏ చప్పుడూ వినబడలేదు. నేను వినలేదని చెప్పడం లేదు. చెవి పెట్టి విన్నాను. వినబడలేదు.

శనివారం సాయంత్రం మడతకుర్చీ ఒకటి చంకలో పెట్టుకుని దిగింది. రేపు పొద్దున ఆటోలో నన్ను గట్టు దాకా పంపిస్తుందట. పంపు హౌసుకీ వంతెనకీ మధ్యలో, రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవాలట. చలికి దుప్పటి కూడా తెచ్చింది.

అక్కడ నేనేం చూడాలే అన్నాను. నీ ముందెవరైనా ఉన్నారేమో చూడమంటావా? నా చూపు సంగతి నీకు తెలీదా, సూదిలోకి దారం పోవడం లేదు.

ఆవిడ నా ఎదురుగా నేల మీద కూర్చుంది. మోకాళ్ళు రెండూ మడిచి, హాయిగా.

"ముందుంటే నువ్వు చూడక్కర్లేదు పిన్నీ. ముందున్నాడో లేడో గాలే చెప్తుంది నాకు. వెనక ఉంటేనే తెలీదు. ముందు తొక్కేవాళ్ళకి వెనక ఎవరున్నదీ తెలీదు. ఆయనకీ తెలిసేది కాదు, అయినా ఏనాడూ తిరిగి చూడలేదు. నేనూ చూడను." కుర్చీ మడత విప్పింది, మళ్ళీ మూసింది. "ఈ కాళ్ళు ఆగట్లేదు. జోరుగా పోతున్నాయి. ఆయనదేమో పెద్ద సున్నా, నింపాది. వెనకబడిపోతాడేమో. నేను దాటిపోగానే లేచి వచ్చెయ్యకు. కాసేపు అక్కడే కూర్చో."